మామూలు జలుబు, జ్వరానికి పిల్లల్ని ఎమర్జెన్సీకి తేవడం తప్పా?

నైట్‌డ్యూటీ:
పిల్లల ఎమర్జెన్సీలో నర్సుగా చేస్తున్నాను. చీకటి పడితే చాలు జలుబు, దగ్గు, పొద్దుటి నుంచి ఉన్న జ్వరం, అన్నీ మా దగ్గరికే. చాలామందిని పారాసిటమాల్ రాసి పంపేస్తారు. తెల్లారాక క్లినిక్‌కి వెళ్తే సరిపోదా? కోపంతో అడగట్లేదు. సరే, కొంచెం కోపం కూడా ఉంది.

చంటిదాని అమ్మ:
చిన్న జబ్బు అన్నది డాక్టర్ చూశాక తేలే మాటండీ. ఇంట్లో మాకు కనిపించేది ఒళ్లు కాలిపోతూ, పాలు ముట్టని పిల్ల. అది వైరల్ జ్వరమో మెదడువాపో నేనెలా చెప్పను? పైగా ఒంటి వేడి సాయంత్రానికే పెరుగుతుంది, సరిగ్గా క్లినిక్‌లు మూసే వేళకి. ఫోన్ చేస్తే అక్కడివాళ్లే ఎమర్జెన్సీకి వెళ్లమంటారు. వెళ్తే మీరు ఎందుకొచ్చారంటారు!

లెక్కల మాస్టారు:
భయమే ఎక్కువండీ. పిల్లల డాక్టర్ బార్టన్ ష్మిట్ 1980లోనే దీనికి ‘ఫీవర్ ఫోబియా’ అని పేరు పెట్టారు. థర్మామీటర్ 102 చూపిస్తే మనం వణికిపోతాం, పిల్లాడేమో ఆడుకుంటుంటాడు. ఫిట్స్ వస్తాయని ఇంకో టెన్షన్. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 2 నుంచి 5 మందికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఎక్కువగా కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, మెదడుకి హాని ఉండదు.

చంటిదాని అమ్మ:
మాస్టారూ, పిల్ల కళ్లు తేలేసినప్పుడు ఈ శాతాలు గుర్తొస్తాయా?

పాత హౌస్‌సర్జన్:
రద్దీకి జలుబు పిల్లలే కారణమంటే మాత్రం ఒప్పుకోను. ట్రయాజ్‌లో, అంటే జబ్బు తీవ్రతను బట్టి ఎవరిని ముందు చూడాలో తేల్చేటప్పుడు, వాళ్లు ఎలాగూ వెనక్కి వెళ్తారు, వాళ్లని చూసి పంపడానికి పెద్దగా టైమ్ పట్టదు. అడ్మిట్ చేయాల్సినవాళ్లు వార్డులో బెడ్ దొరక్క ఎమర్జెన్సీలోనే గంటల తరబడి ఉండిపోతారు చూడండి, అసలు ఇరుకు అది.
ఇంకోటి. ఈసారి కసురుకుంటే ఆ తల్లి తర్వాతిసారి ఆగుతుంది, ఆగకూడని జబ్బుకి ఆగుతుంది. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 వచ్చిందంటే, హుషారుగా ఉన్నా సరే, వెంటనే చూపించాల్సిందే. ఆ కాస్త జ్వరానికేనా అని ఎవరైనా అంటే అననివ్వండి.

నైట్‌డ్యూటీ:
అది నిజమే సార్. కానీ మామూలు జలుబుతో వచ్చిన పిల్లాడు గంటలకొద్దీ పక్కపిల్లల దగ్గుల మధ్య కూర్చుని కొత్త వైరస్ అంటించుకుని వెళ్తాడు, అందుకే నా గోల. డొక్కలు ఎగరేస్తున్నా, ఎంత లేపినా మగతగానే ఉన్నా, గంటల తరబడి ఉచ్చ పోయకపోయినా అర్ధరాత్రయినా రండి, ఎవరూ ఏమీ అనరు.

చంటిదాని అమ్మ:
ఈ మూడు ముక్కలూ పంపేటప్పుడే చీటీ మీద రాసివ్వొచ్చుగా! మొన్న మాకు చెప్పింది ‘వైరల్, తగ్గిపోతుంది’ అని ఒక్కటే. తగ్గలేదు, అందుకే మర్నాడు మళ్లీ తెచ్చాం.