డ్రుపల్ 7ను ఆపేయడం న్యాయమేనా? పాత తెలుగు పత్రిక సైటును ఇప్పుడు ఎక్కడికి మార్చాలి?

పేజీమేస్త్రి

విజయవాడలో సొంతంగా వెబ్‌సైట్లు చేసుకుంటూ ఉంటాను. నా చేతికి ఈమధ్య ఒక తెలుగు సాహిత్య పత్రిక సైటు వచ్చింది. 2012లో డ్రుపల్ 7 మీద, అంటే సైట్లు కట్టి నడిపే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ మీద కట్టారు. కట్టినాయన ఇప్పుడు ఈ రంగంలోనే లేడు. కథలు, కవితలు, పుస్తక సమీక్షలు అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు పేజీలు. 2025 జనవరి 5తో డ్రుపల్ 7కి సపోర్టు ఆగిపోయింది. సైటు నడుస్తూనే ఉంది కానీ రేపు ఏదైనా భద్రతా లోపం బయటపడితే సరిచేసే నాథుడు లేడు. పైగా పాత పీహెచ్‌పీ (డ్రుపల్‌ను రాసిన భాష) తీసేస్తున్నామని హోస్టింగ్ వాళ్ల నుంచి మెయిల్ మీద మెయిల్.

నా గొడవ ఇదీ. డ్రుపల్ 7 నుంచి పైకి వెళ్లడాన్ని అప్‌గ్రేడ్ అనకూడదు. వేరే చోట కొత్త ఇల్లు కట్టుకుని సామాను మోసుకెళ్లడమే. 2015లో వచ్చిన డ్రుపల్ 8 లోపల సింఫనీ అనే కోడ్ చట్రం చేరింది, పేజీ రూపాన్ని నిర్ణయించే టెంప్లేట్లు ట్విగ్ అనే భాషలోకి మారాయి, పాత మాడ్యూళ్లన్నీ (అదనపు పనులు చేసే కోడ్ ముక్కలు) తిరగరాసుకోవాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలకు టీములుంటాయి, వాళ్లు తట్టుకుంటారు. చందాల మీద నడిచే పత్రిక ఏం చేయాలి? అదే ఇలాంటి ఇంకో సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో అయితే పదేళ్ల నాటి సైటైనా బ్యాకప్ తీసి బటన్ నొక్కితే చాలావరకు పైకొచ్చేస్తుంది.

ఓపెన్ సోర్స్ అని నమ్మి వచ్చిన చిన్నవాళ్లను డ్రుపల్ నట్టేట ముంచిందన్నది నా అభిప్రాయం. వర్డ్‌ప్రెస్‌కు మార్చేద్దామనుకుంటున్నాను. కాదనేవాళ్లు చెప్పండి.

డ్రుపల్ తాత

కాదంటాను. డ్రుపల్ 7 వచ్చింది 2011 జనవరి 5న. ఆగింది 2025 జనవరి 5న. సరిగ్గా 14 ఏళ్లు. అసలు గడువు 2021 నవంబరు. కరోనా అని 2022కి జరిపారు, ఆ తర్వాత 2023కి, చివరికి 2025కి. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వెర్షన్‌కి 14 ఏళ్లు సపోర్టు ఇచ్చినవాళ్లు ఎందరున్నారో చెప్పు తమ్ముడూ. అదీ పైసా తీసుకోకుండా.

2014 అక్టోబరు 15 నీకు గుర్తుందో లేదో. డ్రుపల్ 7లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం బయటపడిన రోజు. లాగిన్ కూడా అవసరం లేకుండా ఎవడైనా సైటును లోబరుచుకోవచ్చు. ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోపు ప్యాచ్ (లోపాన్ని సరిచేసే కోడ్) వేయని ప్రతి సైటూ చేజారినట్టే అనుకోండని తర్వాత సెక్యూరిటీ టీమే చెప్పింది. ఆ రాత్రి నేను మాదాపూర్‌లో ఆఫీసులోనే ఉండిపోయి సైటు తర్వాత సైటు ప్యాచ్ చేసుకుంటూ పోయాను. ఆ ప్యాచ్ రాసి పరీక్షించి బయటపెట్టినవాళ్లకు మీ పత్రిక కానీ నా క్లయింట్లు కానీ ఎప్పుడైనా రూపాయి ఇచ్చారా? ఇవ్వనివాళ్లు ఇప్పుడు ‘నట్టేట ముంచారు’ అనడం నాకు నచ్చలేదు.

ఇంకోటి. వర్డ్‌ప్రెస్ మాత్రం ఎల్లకాలం మోస్తుందా? 3.7 నుంచి 4.0 దాకా ఉన్న వెర్షన్లకు భద్రతా అప్‌డేట్లు 2022 డిసెంబరులో ఆపేసింది.

పేజీమేస్త్రి

ఆపింది తాతగారూ, ఒప్పుకుంటాను. కానీ 3.7లో ఉన్నవాడు తాజా వెర్షన్‌కి రావడానికి ఎంత పని? మహా అయితే ఒక పూట. థీమ్ అటూ ఇటూ అవుతుంది, రెండు మూడు ప్లగిన్లు మొరాయిస్తాయి, అంతే. డ్రుపల్ 7 నుంచి 11కి రావడానికి నేను అంచనా వేస్తే నెలలు పడుతోంది. సపోర్టు ఎన్నేళ్లిచ్చారన్నది కాదు నా ప్రశ్న. ఆగేనాటికి అవతలికి దాటే వంతెన వేశారా అని.

సెమికోలన్

ఇద్దరికీ చెరో మొట్టికాయ. పాత కోడ్‌ను కాపాడుకుంటూ రావడం వర్డ్‌ప్రెస్ గొప్పతనమే, దాని జబ్బు కూడా అదే. పోస్టు, పేజీ, మెనూలో ఒక్కో వరుస, అన్నీ ఒకే టేబుల్లో కూరుతుంది. అదనపు సమాచారమంతా ఇంకో టేబుల్లో. నాలుగు వేల కథలకు రచయిత, అనువాదకుడు, సంచిక నంబరు అని ఫీల్డులు పెట్టి, ‘ఫలానా అనువాదకుడి కథలు ఏడాది వరుసలో’ అని అడిగి చూడండి, క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఎలా నీరసపడుతుందో. డ్రుపల్ 7లో వ్యూస్ అనే జాబితాలు తయారుచేసే మాడ్యూల్ ఉంటే అది ఐదు నిమిషాల పని.

అచ్చుతప్పు

నమస్కారం. మీరు మాట్లాడుకుంటున్న పత్రికలో నేను ప్రూఫులు చూస్తాను. మేస్త్రిగారు లింకు పంపితే వచ్చాను. సింఫనీ, ట్విగ్ నాకు తెలియవు. మాకు కావలసినవి చెబుతాను.

మా కథల మీద పరిశోధన చేసిన పిల్లలు తమ సిద్ధాంత వ్యాసాల్లో మా పేజీల లింకులు అచ్చువేసుకున్నారు. అచ్చయినదాన్ని మార్చలేం కదా, కాబట్టి ఆ లింకులు చచ్చిపోకూడదు. రెండోది, ఒత్తు తప్పు కనబడితే నేను లోపలికి వెళ్లి దిద్దుకునేలా ఉండాలి. ఎవరికో ఫోన్ చేసి బతిమాలే పని పెట్టొద్దు. మిగతాది మీ ఇష్టం.

రాత్రి డ్యూటీ

మేడమ్ చెప్పిన మొదటి మాటే అసలు చిక్కు. మేస్త్రి గారూ, వర్డ్‌ప్రెస్‌లోకి దూకేముందు ఇది చూడండి. నేను డాలస్‌లో సర్వర్లు చూస్తుంటాను, ఒక తెలుగు సంఘం సైటు మార్చేటప్పుడు ఇది స్వయంగా ఎదురైంది.

ఆ పత్రిక లింకులు తెలుగులోనే ఉన్నాయి కదా? డ్రుపల్ 7 ఆ లింకును తెలుగు అక్షరాలుగానే దాచుకుంటుంది, 255 దాకా చోటుంది. వర్డ్‌ప్రెస్ అలా కాదు. తెలుగు శీర్షికను శాతం గుర్తుల భాషలోకి మార్చి దాచుకుంటుంది, దానికి 200 మాత్రమే హద్దు. అక్షరాలను దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు క్యారెక్టర్లు. అంటే గుర్తుకు 9 చొప్పున ఖర్చు. 200ను 9తో భాగిస్తే 22. పైగా గుణింతం గుర్తు వేరు, పొల్లు వేరు, ఒత్తు వేరు. ‘కొత్త’ చూడ్డానికి రెండక్షరాలే, కంప్యూటర్ లెక్కలో ఐదు.

మీ సైట్లో ‘నెల నెలా కొత్త పుస్తకాల పరిచయం’ అని ఒక శీర్షిక ఉందనుకోండి. వర్డ్‌ప్రెస్ దాని లింకును ‘నెల-నెలా-కొత్త-పుస్తకాల-ప’ దగ్గర కోసేస్తుంది. వచ్చే నెలదీ అక్కడే తెగుతుంది, కాబట్టి చివర 2 తగిలిస్తుంది. ఆపై నెల 3. అలా వందో సంచిక దాకా వెళ్లాక ఏ లింకు ఏ నెలదో కట్టినవాడికి కూడా తెలియదు. మేడమ్ చెప్పిన సిద్ధాంత వ్యాసాల్లోని లింకులన్నీ 404, అంటే పేజీ లేదన్న జవాబే.

దారి లేక కాదు. పాత లింకు, కొత్త లింకు జతలుగా జాబితా తయారుచేసి సర్వర్ స్థాయిలోనే 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కితే కొత్తదానికి పంపేది) పెట్టుకోవాలి. కానీ ఇది ‘బటన్ నొక్కితే అయిపోయే’ పని కాదు. ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల మనసులో ఇంత పొడుగు లింకులున్న భాష లేదు, అంతే. కోపం తెచ్చుకుని లాభం లేదు.

పేజీమేస్త్రి

ఇప్పుడే నా ల్యాప్‌టాప్‌లో వేసి చూశాను. మీరు చెప్పినట్టే ‘ప’ దగ్గర తెగింది. టెన్షన్ మొదలైంది.

కొత్తగా చేరా

అన్నా, నాలుగు వేల పేజీలూ మారనివే కదా. హ్యూగో అనే టూల్‌తో స్టాటిక్ ఫైళ్లుగా మార్చి పడేస్తే సరిపోదా? డేటాబేస్ ఉండదు, పీహెచ్‌పీ ఉండదు, హ్యాక్ చేయడానికి ఏమీ మిగలదు. హోస్టింగ్ కూడా దాదాపు ఉచితం. ఎడిటింగ్‌కి మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్) ఫైల్ మార్చి గిట్‌లో పుష్ చేస్తే, అంటే ఫైళ్లు దాచే చోటికి పంపితే, ఆటోమేటిగ్గా సైటు తయారైపోతుంది.

అచ్చుతప్పు

బాబూ, ఒక్క ‘ళ’ని ‘ల’గా దిద్దడానికి నేను ఎవరిని పుష్ చేయాలి?

సెమికోలన్

😂 మేడమ్‌కి దండం.

డ్రుపల్ తాత

కుర్రాడి మాటలో సగం నిజముంది, అది తర్వాత చెబుతాను. ముందు వర్డ్‌ప్రెస్ సంగతి తేలనీయండి. ‘నమ్మకం’ అన్న మాట మేస్త్రే తెచ్చాడు కాబట్టి అడుగుతున్నా, 2024లో జరిగింది మరిచిపోయారా?

సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ సహ వ్యవస్థాపకుడు మ్యాట్ ములెన్‌వెగ్‌కీ డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ గొడవైంది. ట్రేడ్‌మార్క్ అన్నారు, వర్డ్‌ప్రెస్ వల్ల బాగుపడి తిరిగి ఏమీ ఇవ్వట్లేదన్నారు. ఆయన వాదనలో పస ఉందా లేదా అన్నది వేరే సంగతి. అయితే ఆ కంపెనీ సర్వర్లకు వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి ప్లగిన్ అప్‌డేట్లు ఆగిపోయాయి. దెబ్బ ఎవరికి? అక్కడ సైటు పెట్టుకున్న మామూలు జనానికి. అక్టోబరులో ఆ కంపెనీదే అయిన ఏసీఎఫ్ ప్లగిన్ పేజీని ‘సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్’గా మార్చేశారు. పాతదాన్ని పెట్టుకున్నవాడికి అప్‌డేట్ రూపంలో కొత్తది దిగింది. డిసెంబరు 10న కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే గానీ దారులు తెరుచుకోలేదు.

కోడ్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్‌లోనే ఉంది, ఎవరూ లాక్కోలేదు. కానీ అప్‌డేట్లు వచ్చే పైపు ఒకరి చేతిలో ఉంది. డ్రుపల్‌లో అది ఒక లాభాపేక్ష లేని సంఘం చేతిలో ఉంది. ఈ తేడా నీ పత్రికకు లెక్కలోకి రాదా?

పేజీమేస్త్రి

వస్తుంది. కానీ నిజం చెప్పండి తాతగారూ, నా మిగతా క్లయింట్లలో, అంటే బట్టల షాపు, డెంటల్ క్లినిక్, రెండు స్కూళ్లు, ఒక్కరికి కూడా ఆ గొడవ జరిగినట్టే తెలియదు. వాళ్ల సైట్లు రోజూ లాగే నడిచాయి. వాళ్లకు తెలిసిన సమస్య ఒకటే, నేను ఫోన్ ఎత్తకపోతే ఇంకో డెవలపర్ దొరుకుతాడా లేదా. బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి అడిగితే వర్డ్‌ప్రెస్ తెలిసినవాళ్లు పదిమంది దొరుకుతారు. డ్రుపల్ 11 తెలిసినవాడు కావాలంటే హైదరాబాద్ వెళ్లాలి, వాడు చెప్పే రేటు ఈ పత్రిక ఏడాది ఖర్చుకు మించి ఉంటుంది. కొత్త డ్రుపల్‌కు కావలసిన కంపోజర్ అనే టూల్ నడపడానికి వీళ్ల షేర్డ్ హోస్టింగ్‌లో మెమరీయే చాలదు. అందుకే నా మాట మీద నేనున్నాను. డ్రుపల్ పెద్దవాళ్ల దారి పట్టింది. తప్పని అనను, కానీ చిన్నవాళ్లకు ఆ సంగతి మొహం మీద చెప్పి ఉండాల్సింది.

రాత్రి డ్యూటీ

పాయింటే. అమెరికాలో డ్రుపల్ 7కి డబ్బులు తీసుకుని ప్యాచ్‌లు ఇచ్చే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. అంటే వంతెన ఉంది, టోల్ డాలర్లలో కట్టాలి.

సెమికోలన్

బ్యాక్‌డ్రాప్ పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదేంటి? డ్రుపల్ 8 దారి నచ్చనివాళ్లు డ్రుపల్ 7 కోడ్‌నే తీసుకుని విడిగా మొదలుపెట్టిన ఫోర్క్. మొదటి వెర్షన్ 2015 జనవరిలో వచ్చింది. డ్రుపల్ 7 డేటాబేస్‌ని నేరుగా అప్‌గ్రేడ్ చేసుకునే దారి ఉంది, వ్యూస్ అందులోనే కలిసి వస్తుంది, మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో కంపోజర్ లేకుండా నడుస్తుంది. ఇప్పుడున్న తెలుగు లింకులు తెలుగులోనే ఉంటాయి, తెగవు. మేడమ్‌కి ఎడిటర్ ఉంటుంది.

మేస్త్రి గారు అడిగిన వంతెన ఇదే. డ్రుపల్ వేయకపోతే లైసెన్స్ ఉంది కాబట్టి ఇంకొకళ్లు వేశారు.

లోటుపాట్లు కూడా చెప్పేస్తా. వాడేవాళ్లు తక్కువ, ఏదైనా ఆగితే గూగుల్‌లో దొరికే జవాబులూ తక్కువే. థీమ్‌ను కొంత తిరగరాసుకోవాలి. అన్ని మాడ్యూళ్లూ అటు రాలేదు.

డ్రుపల్ తాత

బ్యాక్‌డ్రాప్ అంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపే, దాచుకోను. కొద్దిమంది నడిపేది, పదేళ్ల తర్వాత ఉంటుందా అని. కానీ ఈ సైటు వరకు నాకు ఇంతకన్నా మెరుగైనది తట్టడం లేదు.

ఇందాక సగం నిజమన్నాను కదా కుర్రాడి మాట. సైటును ఎటు మార్చినా, ఇప్పుడున్నదాన్ని మొత్తంగా హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లుగా ఒక కాపీ తీసి పక్కన పెట్టు. పదేళ్ల తర్వాత బ్యాక్‌డ్రాప్ ఉన్నా లేకున్నా కథలు ఉంటాయి. డేటాబేస్ డంప్ (పూర్తి కాపీ) తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఆదేశంలో స్పష్టంగా రాయి. రాయకపోతే తీసేటప్పుడో తిరిగి ఎక్కించేటప్పుడో లాటిన్ అనుకునే ప్రమాదం ఉంది, అప్పుడు తెరిచి చూస్తే ప్రతి ‘క’ బదులూ టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలే. డంప్ తెరిచి ఒక కథ చదువు. అప్పటిదాకా పాత సర్వర్ జోలికి వెళ్లకు.

మాడ్యూళ్ల జాబితా ఇక్కడ పెట్టు. ఆదివారం కూర్చుని ఏవి అటు వచ్చాయో చూస్తాను. న్యాయమా అన్యాయమా అన్నది ఆ తర్వాత కొట్టుకుందాం.

పేజీమేస్త్రి

ఆ మాట మీద నేనూ తగ్గను, చూద్దాం. జాబితా: వ్యూస్, పాత్‌ఆటో, వెబ్‌ఫారమ్, డేట్, టోకెన్, ఇంకా పాతాయన సొంతంగా రాసింది ఒకటి. దాని పేరు ‘టెస్ట్2’. లోపల ఒక్క కామెంట్ కూడా లేదు. ఆపితే హోమ్ పేజీ తెల్లగా వస్తోంది.