కార్న్‌క్రేక్ గూడున్న గడ్డిమడిని ఎటు నుంచి కోయాలి?

గడ్డివాము అడిగారు:
స్కాట్లాండ్ హెబ్రిడీస్‌లో ఒక దీవి ఎస్టేటులో 3 హెక్టార్ల ఎండుగడ్డి మడి ఉంది. మే నుంచి రాత్రుళ్ళు కార్న్‌క్రేక్ అనే గడ్డి పక్షి ‘క్రెక్స్ క్రెక్స్’ అని కూస్తూనే ఉంది, జూలైలో కూడా విన్నాం. ఇక్కడ చుట్టూ అంచు నుంచి లోపలికి కోసుకొస్తారు. ఆగస్టు 1న మొదలుపెట్టొచ్చా?

నీటికోడి:
తేదీ సంగతి తర్వాత, ముందు ఆ కోసే తీరు మానండి. ఈ పక్షి ఎగరడం కన్నా గడ్డి చాటున నడిచి తప్పుకోవడానికే చూస్తుంది, కోసేసిన బయలు దాటదు. అంచు నుంచి వస్తే తల్లీ పిల్లలూ నడిమి గడ్డిలోకి చేరి, ఆఖరి చాళ్ళలో బ్లేడు కింద పడతాయి.

ట్రాక్టరు తిరగడానికి రెండు కొసల్లో మాత్రం ముందు కోయండి. తర్వాత నట్టనడుమ నిలువుగా ఒక చాలు తీసి, అక్కడి నుంచి రెండు పక్కలకీ బయటికి కోసుకుంటూ పోండి. పొడవాటి అంచుల వెంట 2–3 మీటర్లు అసలు కోయకండి. పక్కన కాలువ గట్టో పొదో ఆనుకొని ఉంటే మరీ మంచిది. అంచు దగ్గరపడే కొద్దీ వేగం తగ్గించి, మధ్యమధ్య ఆగండి. గడ్డి మొదట్లో బొగ్గులాంటి నల్లటి నూగు ఉండ కదిలితే అది పిల్లే.

లంక పిట్ట:
ఆగస్టు 1 చాలదండీ. ఏడాదికి రెండు విడతలు పెడుతుంది, విడతకు 8–12 గుడ్లు. పొదగడానికి రెండున్నర వారాలు, పిల్లలకు ఎగరడం రావడానికి మరో ఐదు వారాలు. జూలై మధ్యలో పెట్టిన గుడ్లయితే పిల్లలు సెప్టెంబరు మొదటి వారం దాటాకే ఎగురుతాయి. కూత ఆగింది కదా అని కోయకండి, కూసేది మగది, జత కుదిరాక తగ్గిస్తుంది. ఆలస్యమైతే గడ్డి ముదిరి మేత బలం తగ్గుతుంది, ఆ నష్టం నిజమే. అందుకే అక్కడి వ్యవసాయ పథకాల్లో ఆలస్యపు కోతకు డబ్బిస్తారు, అర్హత చూసుకోండి.

గడ్డివాము:
మరి వచ్చే వసంతానికి ఏం చేయాలి?

నీటికోడి:
ఆఫ్రికా నుంచి ఏప్రిల్ చివర్లో దిగేసరికి మడిలో గడ్డి పొట్టిగా ఉంటుంది. అప్పటికే దాదాపు 20 సెంటీమీటర్ల చాటు కావాలి, దాన్నిచ్చేవి నెటిల్ (తాకితే దురద పుట్టించే మొక్క), పసుపు ఐరిస్ పొదలు. మూలల్లో పశువుల ఎరువు వేస్తే నెటిల్ బాగా లేస్తుంది. చలికాలంలో పశువులను అక్కడ మేపి పాత గడ్డి తొక్కించండి, అట్టకట్టిన గడ్డిలో ఈ పక్షి నడవలేదు. మొలకలు రాకముందే, మార్చికల్లా బయటికి తోలేయండి. ఒరాన్సే దీవిలో బ్రిటన్ పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ ఆవులనూ గొర్రెలనూ పెంచుతూనే కార్న్‌క్రేక్‌ను కాపాడుతోంది. మంద ఉన్నంత మాత్రాన పక్షి పోదు, మంద ఎప్పుడు ఎక్కడుందన్నదే లెక్క.