మెస్ అంటే భోజనమా, గందరగోళమా?

వేళచ్చేరి వాసి: మొన్న మా క్లయింట్ తరఫున ఒక అమెరికా కుర్రాడు చెన్నై వచ్చాడు. టీ నగర్‌లో భోజనానికి తీసుకెళ్తే 'ఆంధ్రా మెస్' బోర్డు చూసి ఆగిపోయాడు. "లోపలంతా చిందరవందర అని వాళ్లే రాసుకున్నారా?" అని ఒకటే నవ్వు. ఏం చెప్పాలో తోచక ముద్దపప్పులో ఇంకో గరిటె నెయ్యి వేయించి నోరు మూయించాను. ఇంతకీ భోజనం అనే అర్థం మనవాళ్లు అంటగట్టిందేనా?

నిఘంటువు పిచ్చోడు: కాదండీ, తిండే అసలు అర్థం. లాటిన్‌లో 'మిట్టెరే' అంటే పంపడం. అది పాత ఫ్రెంచిలో 'మెస్' అయింది, అంటే బల్ల మీదికి పంపిన వంటకం. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో ఒక పూట తిండి. 15వ శతాబ్దానికి కలిసి తినేవాళ్ల జట్టు, మన 'బంతి' లాగా. చాలాసార్లు నలుగురు. లండన్‌లో బారిస్టర్ల సంఘాలైన ఇన్స్ ఆఫ్ కోర్ట్ విందుల్లో నలుగురేసి కూర్చునే ఆ పద్ధతి ఇంకా ఉంది. మిలిటరీ మెస్ కూడా ఆ దారిలోదే. మెసేజ్, మిషన్, మిసైల్ అన్నీ ఆ లాటిన్ ఇంటి పిల్లలే.

హాస్టల్ పిల్ల: మరి గందరగోళం ఎక్కణ్ణుంచి?

నిఘంటువు పిచ్చోడు: గంజిలాంటి జావ తిండినీ మెస్ అనేవారు. 18వ శతాబ్దంలో పశువులకి కలిపి పెట్టేదానికీ అదే మాట, మన కుడితి అనుకోండి. ఆపైన ఏ కలగాపులగమైనా మెస్సే. చిందరవందర అన్న అర్థం గట్టిగా నిలబడింది 19వ శతాబ్దంలో.

హాస్టల్ పిల్ల: అయితే మా మెస్‌కి రెండర్థాలూ సరిపోతాయి. నిన్న సాంబారు, ఇవాళ రసం, రెండూ ఒకే గిన్నెలోంచే అని నా అనుమానం. ముందే చెప్పి వారం ఊరెళ్లొచ్చినా బిల్లు మాత్రం పూర్తిగా వేశారు.

కోడంబాక్కం బాబాయ్: ఆ నలుగురి లెక్క చదివి నవ్వొచ్చింది. మేం బ్రహ్మచారులుగా ఉన్నప్పుడు మెస్‌లో నెల కార్డు ఉండేది, తిన్న పూటకల్లా మెస్సువాడు ఒక గడి కొట్టేసేవాడు. బల్లకి సరిగ్గా నలుగురం. నాలుగోవాడు రాకపోతే వడ్డించేవాడు కదిలేవాడు కాదు. ఆకలికి ఆగలేక రోడ్డు మీద పోయేవాణ్ణి పిలిచి కూర్చోబెట్టిన రోజులున్నాయి.

గోంగూర ప్రియ: ఆ అమెరికా కుర్రాడికి ఈటన్ మెస్ అనే తీపి గురించి చెప్పండి. స్ట్రాబెర్రీ, క్రీమ్, మెరాంగ్ (గుడ్డు తెల్లసొన, పంచదార గిలక్కొట్టి కాల్చింది) కలిపి ఇంగ్లండ్‌లో తింటారు. అక్కడ రెండర్థాలూ ఒకే గ్లాసులో!

వేళచ్చేరి వాసి: అందరికీ థాంక్స్. రేపు మళ్లీ అక్కడికే పోదామని వాడే మెసేజ్ పెట్టాడు. బాబాయ్, మేం ముగ్గురమే, వస్తారా?