9.9 హార్స్‌పవర్ ఫైబర్ బోటుకు 15 వేలలో ఏ జీపీఎస్ తీసుకోవాలి?

ఉప్పాడ_ఫైబర్:
ఉప్పాడ నుంచి వేటకెళ్లే 28 అడుగుల ఫైబర్ బోటు. తాడు లాగి స్టార్ట్ చేసే 9.9 ఔట్‌బోర్డ్ ఇంజను. బోటు మీద బ్యాటరీ లేదు, క్యాబిన్ లేదు. 15, 20 నాటికల్ మైళ్ల దాకా వెళ్తాం. ఒక్కోసారి రాత్రంతా వల మీదే ఉండి తెల్లారాక వస్తాం. ఇప్పటిదాకా ఫోనుతోనే నడిచింది. ఇప్పుడు విడిగా జీపీఎస్ కొనాలి. 15 వేలు అనుకున్నాం, తప్పదంటే ఇంకో మూడు నాలుగు వేలు పెడతాం. చేతిలో పట్టుకునేదా, పెద్ద తెర ఉన్నదా? సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

సరంగు_విశాఖ:
క్యాబిన్ లేదు, కరెంటు లేదు అన్నారు కాబట్టి చేతిలో పట్టుకునే హ్యాండ్‌సెట్టే తీసుకోండి. నాలుగు విషయాలు చూడండి. బటన్లు ఉండాలి, టచ్ తెర వద్దు. తడి చేతికి, ఉప్పునీటి చుక్కలకి టచ్ తెర తనంతట తనే నొక్కుకుంటుంది. ఏఏ సెల్స్ మీద నడవాలి, ఎందుకంటే అవి ఊళ్లో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. నీటి రక్షణ కనీసం ఐపీఎక్స్7 ఉండాలి, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదు. పగటి ఎండలో లైటు వేయకుండానే తెర మీద అంకెలు కనబడాలి.

ఈ నాలుగూ ఉన్న చవక సెట్టు గార్మిన్ ఈట్రెక్స్ 10. తెర చిన్నది, 2.2 అంగుళాలు, రంగులు లేవు. కానీ ఎండలో బాగా కనిపించేది ఆ నలుపు తెలుపు తెరే. రెండు ఏఏ సెల్స్‌తో సుమారు 20 గంటలు నడుస్తుంది, రాత్రి లైటు ఎక్కువ వేస్తే తగ్గుతుంది. 1000 పాయింట్లు, అంటే గుర్తు పెట్టుకున్న చోట్లు, దాచుకోవచ్చు. అందులో మ్యాపు మాత్రం పేరుకే ఉంటుంది, వేరే మ్యాపు ఎక్కించడానికీ వీల్లేదు. మీకు కావాల్సింది పాయింటు కొట్టడం, దాని దగ్గరికి తిరిగి వెళ్లడం, వచ్చిన దారినే వెనక్కి రావడం. ఆ మూడూ చేస్తుంది.

ఒక లోపం ముందే చెప్పాలి. ఈట్రెక్స్ నీళ్లలో పడితే మునుగుతుంది. నైలాన్ తాడు కట్టి, తాడుకి వల బెండు ముక్క ఒకటి బిగించండి. సెట్టు బరువుకి ఆ బెండు తేలుతుందో లేదో బకెట్ నీళ్లలో వేసి చూసుకోండి. తేలే సెట్టే కావాలంటే గార్మిన్‌లోనే 78, 79 వరస ఉంది, ధర బాగా ఎక్కువ.

బారల_లెక్క:
నేనైతే ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి గార్మిన్ స్ట్రైకర్ 4 చూడమంటాను. అందులో జీపీఎస్‌తో పాటు ఫిష్ ఫైండర్ కూడా ఉంటుంది. లోతు ఎన్ని బారలో, కింద రాయి ఉందో బురద ఉందో, వల ఎక్కడ చిక్కుకుంటుందో తెలుస్తుంది. ఉప్పునీటిలో 750 అడుగుల దాకా చూపిస్తుందని కంపెనీ లెక్క. మీరు తిరిగే లోతుకి అది చాలా ఎక్కువే. ఇందులోనూ సముద్రపు చార్టు ఉండదు, ఖాళీ తెర మీద మీ పాయింట్లు, మీ దారి గీత మాత్రం కనబడతాయి.

వైరింగ్_పని:
స్ట్రైకర్ మంచి సెట్టే. ఈ బోటుకి మాత్రం రెండు చిక్కులు.

మొదటిది కరెంటు. దానికి 12 వోల్టులు కావాలి. తాడుతో స్టార్ట్ చేసే చిన్న ఔట్‌బోర్డులకు మామూలుగా చార్జింగ్ కాయిల్ ఉండదు, కాబట్టి ఇంజను నడుస్తున్నా బ్యాటరీ ఎక్కదు. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ పెట్టారనుకోండి. లెడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే తొందరగా పోతుంది, కాబట్టి మీ చేతిలో ఉన్నది 3.5 ఏహెచ్. సెట్టు లైటుని బట్టి పావు నుంచి అర ఆంపియర్ లాగుతుంది. అంటే 7 నుంచి 14 గంటలు. రాత్రి వేటకి ఇది అంచు మీద లెక్క. ప్రతి వేట తర్వాతా ఇంటికి మోసుకెళ్లి రాత్రంతా చార్జింగ్ పెట్టాలి. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు, ధర కూడా ఆ మేరకు ఎక్కువే.

రెండోది ట్రాన్స్‌డ్యూసర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి లోతు కొలిచే ముక్క. బోటు వెనక పలకకి బిగిస్తే, ఒడ్డున ఇసుక మీదికి లాగినప్పుడు మొదట విరిగేది అదే. బోటు లోపలే అంటిద్దామంటే, అడుగు గట్టి ఫైబర్ అయితే ఎపాక్సీతో గాలి బుడగ లేకుండా అంటిస్తే పనిచేస్తుంది. తేలడానికి అడుగున ఫోమ్ గానీ థర్మకోల్ గానీ నింపిన బోట్లలో పనిచేయదు. ఫోమ్‌లో ఉన్న గాలి శబ్దాన్ని దాటనివ్వదు, తెర మీద లోతు అంకె గెంతుతూ ఉంటుంది. అందుకని పెడితే పైకి లేపుకునే ఇనప పైపుకో వెదురు బొంగుకో బిగించాలి. వల లాగేటప్పుడూ, ఒడ్డుకి చేరేటప్పుడూ పైకి తీసేయాలి.

ఇన్ని చూసుకుని పెట్టేవాళ్లకి వైరింగ్ సంగతి: బ్యాటరీ ప్లస్‌కి అర అడుగు లోపల 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. వైరు తగరం పూత ఉన్న రాగిది వాడాలి. మామూలు రాగి వైరు అయితే ఉప్పుగాలికి ఇన్సులేషన్ లోపలే నల్లబడుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది కానీ కరెంటు పోదు. అతుకులకి టేపు చుట్టి వదిలేయకండి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. సెట్టు తరచూ ఆరి వెలుగుతోందంటే పదిలో తొమ్మిదిసార్లు తప్పు ఈ అతుకుల్లోనే ఉంటుంది, సెట్టులో కాదు.

బారల_లెక్క:
బ్యాటరీ లేదన్న సంగతి నేను సరిగా పట్టించుకోలేదు. ఒప్పుకుంటున్నా, ముందు హ్యాండ్‌సెట్టే. ఫిష్ ఫైండర్ తర్వాత విడిగా చూసుకోవచ్చు.

ఉప్పాడ_ఫైబర్:
సరే, హ్యాండ్‌సెట్ అనుకుంటున్నాం. ఇంకో సందేహం. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు ఇచ్చే చేపల జాడ పాయింట్లు వాట్సాప్‌లో వస్తాయి. ఫోన్ యాప్‌లో వేసి వెళ్తే ఆ చోటు అర కిలోమీటరు పైనే తేడా వస్తోంది. ఫోన్ జీపీఎస్ అంత తప్పు చూపిస్తుందా? కొత్త సెట్టుకి మారితే పోతుందా?

సరంగు_విశాఖ:
పోదండీ. తప్పు ఫోనుది కాదు, అంకెలు వేసే పద్ధతిది. నడిసముద్రంలో పైన అడ్డం ఏమీ ఉండదు కాబట్టి ఏ మంచి జీపీఎస్ అయినా నాలుగైదు మీటర్ల లోపే చెబుతుంది. అర కిలోమీటరు తేడా రావాలంటే కారణం వేరే ఉండాలి.

ఇన్‌కాయిస్ పాయింట్లు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇస్తుంది. చాలా జీపీఎస్ సెట్లు డబ్బా నుంచి తీయగానే డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాల మీద ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అదే ప్రమాదం. ఉదాహరణకి పాయింటు ఇలా వచ్చిందనుకుందాం:

16° 48' 30" ఉత్తరం, 82° 36' 45" తూర్పు.

దీన్ని 16° 48.30', 82° 36.45' అని కొట్టేస్తారు. కానీ 30 సెకన్లంటే అర నిమిషం, 45 సెకన్లంటే ముప్పావు నిమిషం. సరైన అంకెలు 16° 48.500', 82° 36.750'. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. పై తప్పుకి ఉత్తరం దక్షిణంగా 370 మీటర్లు, తూర్పు పడమరగా 530 మీటర్లు పక్కకి పోతాం. మొత్తం మీద సుమారు 650 మీటర్లు. మీరు చెప్పిన తేడా ఇదే.

లెక్క గుర్తుంచుకోవడం తేలిక: సెకన్లను 60తో భాగిస్తే వచ్చేదే చుక్క తర్వాత వేయాలి. అంతకంటే మంచిది సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్‌కి వెళ్లి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు పెట్టేసి పాయింటు వేయడం. తర్వాత మళ్లీ పాత పద్ధతికి మార్చుకున్నా లోపల దాచిన చోటు మారదు, అంకెలు రాసే తీరు మాత్రం మారుతుంది. మ్యాప్ డేటం (అక్షాంశ రేఖాంశాల లెక్కకి ఆధారం) డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉండాలి, దాన్ని కదపొద్దు.

ఫోన్ మ్యాపుల నుంచి వచ్చే అంకెలతో ఇంకా పెద్ద తప్పు జరుగుతుంది. అవి 16.4530 లాగా ఉత్త డిగ్రీల్లో ఉంటాయి. దాన్ని 16° 45.30' అని వేస్తే సెట్టు నోరెత్తకుండా తీసుకుంటుంది. నిజానికి 16.4530 అంటే 16° 27.18'. తేడా 18 నాటికల్ మైళ్లు! సెట్టు కాదంటుందని ఆశ పెట్టుకోవద్దు, నిమిషాల అంకె 60 దాటితేనే అది ఒప్పుకోదు.

దూరాల దగ్గరా జాగ్రత్త. ఇన్‌కాయిస్ పట్టికలో దూరం కిలోమీటర్లలో ఉంటుంది, మీ సెట్టుని నాటికల్ మైళ్ల మీద పెట్టుకుంటే అది ఆ మైళ్లలో చూపిస్తుంది. 40 కిలోమీటర్లంటే 21.6 నాటికల్ మైళ్లు. పాయింటు వేశాక రేవు నుంచి దూరం ఎంత చూపిస్తోందో పట్టికతో ఒకసారి సరిచూసుకోండి. రెండూ కలవకపోతే అంకె తప్పు కొట్టారన్నమాట.

వైరింగ్_పని:
సెల్స్ గురించి కూడా రాస్తాను, ఏఏ సెట్లు కొన్నవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే.

రీచార్జ్ చేసే మామూలు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ 1.2 వోల్టులవి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం ఆల్కలైన్ అని ఉంటే, సగం చార్జి ఉండగానే అయిపోయిందని చూపిస్తుంది. రకం మార్చండి. ఈమధ్య యూఎస్‌బీతో చార్జి అయ్యే 1.5 వోల్టుల లిథియం సెల్స్ వస్తున్నాయి. అవి చివరిదాకా 1.5 చూపించి ఒక్కసారిగా ఆగిపోతాయి, గుర్తు మీద నిండుగా ఉందని కనిపిస్తుండగానే తెర ఆరిపోతుంది. బోటు మీదికి అవి వద్దు. ఏఏ సైజులోనే 14500 అని 3.7 వోల్టుల సెల్స్ కూడా ఉంటాయి. అవి రెండు వేస్తే 7.4 వోల్టులు, సెట్టు కాలిపోతుంది.

ప్రతి వేటకీ ఒక జత సెట్టులో, ఒక జత మూత గట్టిగా ఉన్న సీసాలో బియ్యం గింజలతో వేసి పెట్టుకోండి. రేవుకి వచ్చాక మూతలన్నీ బిగించి ఉండగా మంచినీళ్లతో కడిగి, ఆరాకే సెల్స్ మూత తీయండి. రబ్బరు వాషర్ మీద ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీరు పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులు సెట్టు ఊరికే ఉంటుంది కదా, అప్పుడు సెల్స్ తీసేయండి. లోపలే వదిలేసిన ఆల్కలైన్ సెల్స్ కారి స్ప్రింగులు తినేస్తాయి.

బారల_లెక్క:
సెకండ్ హ్యాండ్ అడిగారు కదా. పాత సెట్టు కొనేముందు ఆరుబయట పెట్టి ఆన్ చేసి 15 నిమిషాలు ఆగండి. చాలాకాలం ఆపి ఉంచిన సెట్టుకి ఉపగ్రహాల పట్టిక మొత్తం దిగడానికే 12.5 నిమిషాలు పడుతుంది, కాబట్టి రెండు నిమిషాల్లో దొరకలేదని పాడైందనుకోవద్దు. 15 దాటినా దొరక్కపోతే వదిలేయండి. తేదీ చూడండి. దాదాపు 20 ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తే అది ఉపగ్రహాలు తేదీ చెప్పే వారాల లెక్క తిరగబడ్డ పాత సెట్టు, 2019 ఏప్రిల్ 6న ఆ లెక్క మళ్లీ సున్నాకి వచ్చింది. స్థానం సరిగానే చూపించవచ్చు, పోటుపాట్ల సమయాలు మాత్రం నమ్మొద్దు. రెండు పాయింట్లు కొట్టి, సెల్స్ తీసి పది నిమిషాలు ఉంచి మళ్లీ వేయండి. పాయింట్లు పోతే లోపలి చిన్న బ్యాటరీ చచ్చిందని అర్థం. సెల్స్ పెట్టెలో ఆకుపచ్చ చిలుము ఉన్నా వద్దు.

ఇంకో హెచ్చరిక. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో చుట్టాల చేత తెప్పించేటప్పుడు ఇన్‌రీచ్ అని రాసి ఉన్న గార్మిన్ సెట్లు తెప్పించొద్దు. అవి ఇరిడియం ఉపగ్రహాలకి సందేశాలు పంపుతాయి. అనుమతి లేకుండా మన దేశంలో అవి దగ్గర పెట్టుకుంటే కేసు అవుతుంది.

ఉప్పాడ_ఫైబర్:
ప్రభుత్వం ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు ఇస్తోందంటున్నారు. అది పెడితే జీపీఎస్ అవసరం ఉండదా? ఫోను ఇంక పక్కన పెట్టేయాలా?

సరంగు_విశాఖ:
ట్రాన్స్‌పాండర్ తప్పకుండా పెట్టించుకోండి, మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. సెల్ సిగ్నల్ అందని చోట కూడా ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి ఆపద సందేశం పోతుంది, అటు నుంచి తుపాను కబురూ వస్తుంది. దాన్ని ఫోనులో నభ్‌మిత్ర యాప్‌తో కలుపుకుంటారు. కానీ వల పాయింటు కొట్టుకుని తిరిగి వెళ్లే రోజువారీ పనికి చేతిలో బటన్ల సెట్టు ఉండాల్సిందే. ఇన్‌కాయిస్ వాళ్ల జెమిని పరికరం కూడా ఉంది, 2019లో వచ్చింది. అది మన దేశపు గగన్ ఉపగ్రహం నుంచి కబుర్లు తీసుకుంటుంది కానీ మీరు దాని నుంచి ఏమీ పంపలేరు. ఆ తేడా తెలిసి ఉండాలి.

ఫోను మానొద్దు, రెండో జీపీఎస్‌గా ఉంచండి. సిగ్నల్ లేకపోయినా ఫోను జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపు మాత్రం ఒడ్డునే డౌన్‌లోడ్ చేసుకోవాలి. జిప్ కవర్లో పెట్టి నీడలో ఉంచండి, ఎండకి వేడెక్కితే దానంతట అదే ఆగిపోతుంది. కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093 అందులో వేసుకోండి.

సెట్టు రాగానే ముందు రేవు దగ్గర పాయింటు కొట్టండి, దానికి గుర్తుండే పేరు పెట్టండి. 001, 002 అని వదిలేస్తే రాత్రి ఏది ఏదో తెలీదు. వల వేసేటప్పుడు రెండు కొసల దగ్గరా పాయింట్లు కొట్టండి. అయితే వల నీటి లాగుడికి జరుగుతుంది. పాయింటు చూపేది వేసిన చోటునే. మధ్యలో ఒకసారి బెండు దగ్గరికి వెళ్లి మళ్లీ పాయింటు కొడితే ఎటు, ఎంత జరిగిందో తెలుస్తుంది. బోటు ఆగి ఉన్నప్పుడు ఈట్రెక్స్ 10 బాణం ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది, లోపల దిక్సూచి లేదు కాబట్టి. బోటు కాస్త ముందుకి నడిచాక చూడండి. మామూలు దిక్సూచి ఒకటి బోటు మీద ఉండనివ్వండి, ఇంజనుకీ ఇనుముకీ దూరంగా.

అల ఎక్కువగా ఉండి ఉప్పాడలో దిగలేక కాకినాడ వైపు పోవాల్సి వస్తే, సెట్టు చూపించే తిన్నని గీతని గుడ్డిగా పట్టుకోవద్దు. దక్షిణపు లోతుల నుంచి వస్తే ఆ గీత హోప్ ఐలాండ్ ఇసుక మీదుగా పోతుంది. ఈట్రెక్స్‌కి ఇసుకా నీరూ తేడా తెలీదు. ఆ దీవి ఉత్తరపు కొనకి బయట, మంచి లోతులో ముందే ఒక పాయింటు వేసుకుని, మొదట దానికి, అక్కడి నుంచి హార్బరుకి పోవాలి. మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర పాత దారి గీత కూడా నమ్మొద్దు, ఇసుక మేటలు ఒక్క వరదకే జరిగిపోతాయి. చమురు ప్లాట్‌ఫారాలకి 500 మీటర్ల లోపల పోకూడదన్న నిబంధన ఉంది, వాటికీ పాయింట్లు వేసి పెట్టుకోండి.

ఉప్పాడ_ఫైబర్:
అన్నీ అర్థమయ్యాయండీ. సెట్టు పోతే పాయింట్లన్నీ పోతాయి కదా, దానికేమైనా ఉందా?

వైరింగ్_పని:
యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే జీపీఎక్స్ ఫైలుగా దించుకోవచ్చు, నెలకోసారి చేయండి. కేబుల్ పెట్టేచోట రబ్బరు మూత తిరిగి బిగించడం మర్చిపోయినా ఈ సెట్లలోకి నీరు పోతుంది, గుర్తుంచుకోండి. దాంతోపాటు ముఖ్యమైన పాయింట్లు నోటుబుక్కులో పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది. పేజీ పైన ఏ పద్ధతిలో రాశారో, సెకన్లా దశాంశాలా అన్నది కూడా రాయండి.