సమస్య: “మాటలేని బొమ్మ మాటలాడె”

ఆటవెలది. ఈసారి విషయం 1930ల నాటి షాంఘై మూకీలు. మనకు బొమ్మంటే సినిమా కూడా కదా, ఆ శ్లేషను వాడుకోండి. పద్యంలో ఆ నగరం కనబడాలి.

పూరణ 1

రాత్రి వీధిలోన రంగుదీపము కింద
బిడ్డ కొరకు నిలిచి బెదరు తల్లి
కనులతోనె చెప్పె కడుపులో బాధను
మాటలేని బొమ్మ మాటలాడె

(1934 నాటి మూకీ ‘షెన్న్యూ’ చూసి రాశాను. అందులో తల్లిగా నటించిన రువాన్ లింగ్యూ కళ్లు ఇంకా నన్ను వదల్లేదు.)

మాస్టారు: మూడో పాదం చాలా బాగుందమ్మా. ఆ సినిమా పేరులోనే శ్లేష ఉంది. షెన్న్యూ అంటే దేవత, వేశ్యకూ అదే మాట. నాకు అడ్డు తగిలింది ‘బెదరు’. ఆమె బెదరదు. కొడుకు చదువు ఆగిపోయేలా ఉంటే, నా బతుకు ఎలాంటిదైనా బిడ్డను మంచివాడిగా పెంచుకునే హక్కు నాకు లేదా అని బడి పెద్దాయన్ని నిలదీస్తుంది. ‘బిడ్డ కొరకు నిలిచె బీద తల్లి’ అంటే యతికీ ఇబ్బంది లేదు.

— మార్చేశాను మాస్టారూ.

పూరణ 2

చదువు లేనివాడు షాంఘైకి వలసొచ్చి
టిక్కెటొకటి కొనియె డెందమలర
తనదు కథయె తెరను తారసిల్లిన వేళ
మాటలేని బొమ్మ మాటలాడె

మాస్టారు: టిక్కెట్టుకీ డెందానికీ యతి! ముచ్చటేసింది. ‘వలసొచ్చి’ ఒక్కటే వ్యావహారికంలోకి జారింది, ‘వలసేగి’ అనండి. ‘చదువు లేనివాడు’ ఈ పద్యానికి ప్రాణం. మూకీలో మాటలు తెర మీద అక్షరాలుగా వస్తాయి. అవి చదవలేనివాడికి నటి ముఖమే దిక్కు.

పూరణ 3

వార్త రాసి రాసి ప్రాణమే తీసిరి
ఇరువదైదు రాని యింతి పోయె
నేడు తెరను చూడ నిట్టూర్పు వినవచ్చె
మాటలేని బొమ్మ మాటలాడె

ఒక సభ్యురాలు: రువాన్ 1935 మార్చి 8న ప్రాణం తీసుకుంది, 24 ఏళ్లకే. నింద మొత్తం పత్రికల మీదే వేశారు, కోర్టు గొడవలూ ఉన్నాయి కదండీ.

మాస్టారు: నిజమే, కానీ ఆటవెలదిలో అన్నీ పట్టవు. నా అభ్యంతరం నిట్టూర్పు మీద. ఆ ఏడాదే వచ్చిన ‘కొత్త స్త్రీలు’లో ఆమెది పత్రికలు వేధించిన రచయిత్రి పాత్ర. 1934లో ప్రాణం తీసుకున్న నటి ఐ షియా జీవితమే దానికి మూలం. సినిమా చివర్లో ఆస్పత్రి మంచం మీద ఆ రచయిత్రి పెదవులు కదులుతాయి. ‘నాకు బతకాలని ఉంది’ అన్న అక్షరాలు అంతకంతకూ పెద్దవై మన మీదికి వస్తాయి. అది నిట్టూర్పు కాదు నాయనా.

— అయితే మూడో పాదం ఇలా మాస్టారూ: నేడు తెరను చూడ నింగి ముట్టెను కేక