పొడవాటి ఇంగ్లీషు పదాలను ఎక్కడ విరవాలి?

ప్రశ్న (ఒక తండ్రి):
మా అమ్మాయి ఏడో తరగతి. ఐదు వరకు తెలుగు మీడియం. పొడవాటి ఇంగ్లీషు పదం కనబడితే మొదటి ముక్క చదివి మిగతాది ఊహించేస్తుంది. చప్పట్లు కొడుతూ విడగొట్టి చదవమని బడిలో చెప్పారట. చదవడం కొంత మెరుగైంది గానీ, రాతలో గవర్నమెంట్‌కు మధ్యలో ‘ఎన్’ ఎగిరిపోతుంది, డిసప్పియర్‌కు ‘ఎస్’ రెండు పడతాయి. ఎలా నేర్పాలి?

జవాబు (విశ్రాంత ఇంగ్లీషు టీచర్):
బాబూ, చప్పట్లు నోటికి పనికొస్తాయి, స్పెల్లింగుకు చాలవు. మనమంతా గవర్మెంటు అనేస్తాం కదా, వినపడని ‘ఎన్’ను పిల్ల ఎక్కడినుంచి తెచ్చి రాస్తుంది? ముందు ‘గవర్న్’ రాయించి, దానికి ‘మెంట్’ తగిలించమనండి. డిసప్పియర్ అంటే ‘డిస్’, ఆపైన ‘అప్పియర్’. రెండోది ‘ఏ’తో మొదలవుతుంది కాబట్టి ‘ఎస్’ ఒక్కటే. డిస్‌శాటిస్‌ఫైడ్‌లో రెండో ముక్కకూ సొంత ‘ఎస్’ ఉంది, అక్కడ రెండు. అన్‌నెసెసరీలో రెండు ‘ఎన్’లూ అలా వచ్చినవే. ఇంత తేలికైన లెక్కను వదిలేసి పదేసిసార్లు ఇంపోజిషన్ రాయిస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

చదివేటప్పుడు అడ్డొచ్చేది మన ఒత్తు. సెప్టెంబర్‌లో ‘ప్టెం’ మనకు ఒకే అక్షరం, అందుకే పిల్లలు సె-ప్టెం-బర్ అని విరుస్తారు. ఇంగ్లీషులో సెప్-టెం-బర్. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త కాదు: సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అవుతుంది, ఆ పొల్లు బరువు దాని మీదే పడుతుంది కనుక.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్):
మా రిపోర్టులన్నీ ఈ ముక్కలే. గ్యాస్ట్రో అంటే కడుపు, ఎంటర్ అంటే పేగు, ఐటిస్ అంటే వాపు: గ్యాస్ట్రోఎంటరైటిస్. కానీ టీచర్ గారూ, హెలికాప్టర్ సంగతేమిటి? గ్రీకులో అది హెలికో, ప్టర్. హెలికో అంటే మెలిక, ప్టర్ అంటే రెక్క. అలా విరిచి పలికితే ఎవరికీ అర్థం కాదు.

జవాబు (టీచర్):
నిజమే. అర్థానికి ఒక విరుపు, పలకడానికి హె-లి-కాప్-టర్ అని ఇంకొకటి. పలికేటప్పుడు రెండోదే వాడాలి.

ప్రశ్న (తండ్రి):
మరి డిక్షనరీలో పదం మధ్య చుక్కలు?

జవాబు (టీచర్):
అవి ముఖ్యంగా వరుస చివర పదాన్ని ఎక్కడ తుంచవచ్చో చెప్పేవి. నాలెడ్జ్‌ను అమెరికావారు ‘ఎల్’ తరువాత తుంచితే, బ్రిటిష్ పద్ధతిలో ‘ఎల్’కు ముందే తుంచుతారు. పరీక్షలో చోటు చాలకపోతే పదం మొత్తాన్ని కింది వరుసలో రాసుకోమనండి.