బీచ్ ప్లమ్ ఎండేంజర్డ్ మొక్కా కాదా? కోసుకోవచ్చా?

ఎడిసన్_పెరడు:
అందరికీ నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం. మొన్న ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్‌కి వెళ్తే ఇసుక దిబ్బల మీద గుబురు పొదలు, వాటికి రేగుపండంత ఊదారంగు కాయలు, వేలితో రుద్దితే పైనున్న తెల్లటి పొడి పోయి నిగనిగలాడుతున్నాయి. బీచ్ ప్లమ్ అంటారట. నెట్‌లో చూస్తే మెయిన్, మేరీల్యాండ్ రాష్ట్రాల్లో ఎండేంజర్డ్ (అంతరించే ప్రమాదంలో ఉన్నది) అని ఉంది, న్యూజెర్సీలో మాత్రం మామూలు మొక్కేనట. ఒకే మొక్కకి రెండు మాటలేంటి? పచ్చడికి నాలుగు కోస్తే తప్పా? మా అత్తగారైతే ఒక మొక్క తవ్వి పెరట్లో పెట్టుకుందాం అంటున్నారు.

దిబ్బమొక్క:
రెండూ నిజమేనండీ. దేశం మొత్తానికి ఉండే ఫెడరల్ ఎండేంజర్డ్ జాబితాలో ఇది లేదు, రాష్ట్రాల జాబితాలు మాత్రం దేనికదే. ఈ పొద పెరిగే తీరానికి మెయిన్ ఉత్తరపు అంచు, మేరీల్యాండ్ దక్షిణం వైపు అంచు, మధ్యలో కేప్ కాడ్, లాంగ్ ఐలాండ్, జెర్సీ తీరంలో బాగానే ఉంది. అంచుల్లో ముందే అక్కడక్కడా ఉంటుంది, ఉన్న దిబ్బల్ని కూడా చదును చేసి బీచ్ ఇళ్ళు కట్టేస్తే ఇంకేం మిగుల్తుంది? పైగా సొంత పుప్పొడితో సరిగ్గా కాయ పట్టదు, పక్కన ఇంకో పొద ఉండాలి, ఒంటరిగా మిగిలితే పూత పూసినా విత్తనం ఉండదు.
కనెక్టికట్‌లో గ్రోటన్ దగ్గర ఇందులోనే గుండ్రటి ఆకుల రకం ఒకటుండేది, గ్రేవ్స్ బీచ్ ప్లమ్ అని. 1890ల్లో గుర్తించారు, లోకం మొత్తమ్మీద అదొక్క చోటే. ఇప్పుడు సహజంగా పెరిగేది ఎక్కడా లేదు, కొమ్మలు అంటు తీసి పెంచినవి తోటల్లో మిగిలాయంతే. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఫ్లోరిడా_తెలుగు:
మా దగ్గర స్క్రబ్ ప్లమ్ అని దీని చుట్టం ఉంది, దాని పరిస్థితి ఇంకా ఘోరం. ఫ్లోరిడా మధ్యలో లేక్ వేల్స్ రిడ్జ్ అని పాత ఇసుక మెట్ట, ఈ పొద ఉండేది ప్రధానంగా అక్కడే, కొమ్మలు వంకరటింకరగా ఉంటాయి. మెట్ట మీద ముందు నారింజ తోటలు వేశారు, తర్వాత ఇళ్ళొచ్చాయి, 1987లో ఫెడరల్ ఎండేంజర్డ్ జాబితాలో పెట్టారు. అప్పుడప్పుడూ మంట తగలాలి దీనికి, కాలాక వేరు మొదలు దగ్గర్నుంచి మళ్ళీ చిగురేస్తుంది, మంటలు పూర్తిగా ఆపేస్తే ఓక్ పొదలు ఎదిగి నీడ కమ్మేస్తాయి. అందుకే రక్షిత స్థలాల్లో వాళ్ళే పద్ధతిగా నిప్పు పెడతారు. ఇంకోటి, ఫెడరల్ చట్టం జంతువుల్ని కాపాడినంత గట్టిగా మొక్కల్ని కాపాడదు, ప్రైవేటు స్థలంలో ఓనర్ సొంతంగా కొట్టేస్తే చాలాసార్లు ఆపలేరు. జాబితాలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

నర్సరీ_అక్క:
అమ్మా, తవ్వడం మాత్రం వద్దు, అత్తగారికి నచ్చజెప్పండి. స్టేట్ పార్క్‌లో మొక్క తవ్వకూడదు, పైగా ఆ వేళ్ళే దిబ్బని కదలకుండా పట్టుకునేది. పండ్ల సంగతి పార్క్ ఆఫీసులో అడిగి, వాళ్ళు సరేనంటేనే కొద్దిగా కోసుకోండి, దిబ్బ తొక్కకుండా దారి పక్కన అందినవే. పెరట్లోకి నేటివ్ మొక్కల నర్సరీలో విత్తనం నుంచి పెంచినవి రెండు తెచ్చుకోండి, ఒకటే పెడితే కాయదు. నీళ్ళు నిలవని ఇసుక నేల, రోజంతా ఎండ, అంతే. కాపు కొన్నేళ్ళకి గానీ రాదు, వచ్చాక కూడా ఒక ఏడు విరగకాస్తే ఇంకో ఏడు దాదాపు ఉండదు, చెట్టు పాడైందని పీకేయకండి.